కెనడాలో ఏ పని ఏ గవర్నమెంట్‌ది? ఫెడరల్, ప్రావిన్స్, టెరిటరీ, సిటీ: తరచుగా అడిగే ప్రశ్నలు

పాస్‌పోర్ట్ ఒక గవర్నమెంట్ ఇస్తుంది, డ్రైవింగ్ లైసెన్స్ ఇంకో గవర్నమెంట్ ఇస్తుంది, పెళ్ళి లైసెన్స్‌కి సిటీ హాల్‌కి పొమ్మంటారు, విడాకుల చట్టం మాత్రం మళ్ళీ రాజధాని ఒట్టావాది, అంటే ఫెడరల్ గవర్నమెంట్‌ది. కొత్తగా వచ్చిన మనవాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో అడిగే ప్రశ్నల్లో సగం ఇక్కడే పుడతాయి. ఎక్కువసార్లు అడిగేవి కింద ఒకచోట పెట్టాను. నేనుండేది ఒంటారియోలో, అందుకే ఉదాహరణలు ఎక్కువ ఇటువైపువే ఉంటాయి, అల్బెర్టా వాళ్ళు తిట్టుకోవద్దు.

అసలు కెనడాలో ఎన్ని గవర్నమెంట్లు ఉన్నాయండీ?

పైన ఒట్టావాలో ఒక ఫెడరల్ గవర్నమెంట్, దాని పక్కన 10 ప్రావిన్సులు, 3 టెరిటరీలు, వీటి కింద వేల సంఖ్యలో మున్సిపాలిటీలు. ఇవి కాక ఫస్ట్ నేషన్స్ (ఇక్కడి ఆదివాసీ జాతులు) గవర్నమెంట్లు వేరే, వాటి సంగతి తర్వాత చెప్తా. ప్రావిన్సుల విషయంలో "కింద" అనకుండా "పక్కన" అన్నది కావాలనే. ప్రావిన్స్‌కి తన సబ్జెక్టుల్లో ఒట్టావా బాస్ కాదు, ఆ పవర్ నేరుగా రాజ్యాంగం నుంచి వచ్చింది. టెరిటరీకి పవర్ ఫెడరల్ పార్లమెంట్ చేసిన చట్టం నుంచి వచ్చింది. సిటీకి పవర్ ప్రావిన్స్ చేసిన చట్టం నుంచి వచ్చింది. ఎవరి అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మిగతా ప్రశ్నలు చాలా వరకు వాటంతట అవే తేలిపోతాయి.

అన్నీ ఒకేసారి ఏర్పడ్డాయా?

లేదు, ఒక్కొక్కటిగా చేరాయి. 1867 జూలై 1న ఒంటారియో, క్యూబెక్, నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ నాలుగే కలిసి దేశం అయ్యాయి. 1870లో మానిటోబా, 1871లో బ్రిటిష్ కొలంబియా, 1873లో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, 1905లో అల్బెర్టా, సస్కాచెవాన్ వచ్చాయి. న్యూఫౌండ్‌లాండ్ అయితే 1949 దాకా రానే లేదు, అంటే మన ఇండియాకి ఇండిపెండెన్స్ వచ్చిన రెండేళ్ళకి అది కెనడాలో చేరిందన్నమాట.

ఎవరి పని ఏంటో ఎక్కడ రాసుంది?

1867 నాటి రాజ్యాంగ చట్టంలో. 91వ సెక్షన్ ఫెడరల్ లిస్టు, 92వ సెక్షన్ ప్రావిన్స్ లిస్టు. డిఫెన్స్, కరెన్సీ, బ్యాంకులు, పోస్టు, క్రిమినల్ లా, విడాకులు, సముద్రంలో చేపల వేట ఇలాంటివి ఫెడరల్. హాస్పిటళ్ళు, ఆస్తి హక్కులు, మున్సిపాలిటీలు, పెళ్ళి జరిపించడం, ప్రావిన్స్ భూములు, ఖనిజాలు ఇవి ప్రావిన్స్. చదువు కూడా ప్రావిన్స్‌దే, అది 93లో ఉంది. మన దగ్గర కంకరెంట్ లిస్ట్ అని చాంతాడంత ఉంటుంది కదా, ఇక్కడ ఉమ్మడివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ముఖ్యంగా వ్యవసాయం, ఇమ్మిగ్రేషన్, పెన్షన్లు. ఏ లిస్టులోనూ లేని కొత్త విషయం వస్తే అది సెంటర్‌కే. ఇండియాలోనూ అంతే, మన రాజ్యాంగం రాసినప్పుడు ఆ పద్ధతి కెనడా నుంచే తీసుకున్నారు.

కాగితం మీద ఇంత శుభ్రంగా ఉంటుంది కానీ నిజ జీవితంలో ఒకే పనిలో ముగ్గురూ వేలు పెడతారు. ఇంట్లో పెళ్ళి ఉందనుకోండి. ఎవరు ఎవర్ని చేసుకోవచ్చు అనేది ఫెడరల్ చట్టం, పెళ్ళి జరిపించే పద్ధతి ప్రావిన్స్ చట్టం, కాబట్టి మన పంతులుగారు ప్రావిన్స్ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, లేకపోతే మంత్రాలన్నీ చదివినా ఆ పెళ్ళికి సర్టిఫికెట్ రాదు. లైసెన్స్ మాత్రం ఒంటారియోలో సిటీ క్లర్క్ కౌంటర్‌లో ఇస్తారు. రేపు పొద్దున అది విడాకుల దాకా వెళ్తే (వెళ్ళకూడదనే కోరుకుందాం) చట్టం ఫెడరల్, కోర్టు బిల్డింగ్, స్టాఫ్ ప్రావిన్స్, జడ్జిని అపాయింట్ చేసేది మళ్ళీ ఫెడరల్. అందుకే ఏ పనికైనా నేను మూడు విడివిడిగా అడుగుతా, చట్టం ఎవరిది, డబ్బు ఎవరిది, కౌంటర్ ఎవరిది అని. మూడూ ఒకరివే అయ్యే పని చాలా అరుదు.

ప్రావిన్స్ అంటే మన రాష్ట్రం, టెరిటరీ అంటే మన యూటీ, అంతేనా?

మొదటి రోజు అర్థం చేసుకోవడానికి పర్లేదు, తర్వాత ఆ పోలిక ఇబ్బంది పెడుతుంది. ప్రావిన్స్ మన రాష్ట్రం కంటే చాలా బలమైనది. తన సొంత ఇన్‌కమ్ టాక్స్ రేటు పెట్టుకుంటుంది, ఎలక్షన్లు నడిపే సంస్థ కూడా వేరు, ఫెడరల్ ఎన్నికలకి ఎలక్షన్స్ కెనడా, ఒంటారియో ఎన్నికలకి ఎలక్షన్స్ ఒంటారియో, మన దగ్గరలా లోక్‌సభకి అసెంబ్లీకి ఒకే ఎలక్షన్ కమిషన్ కాదు. ఐఏఎస్, ఐపీఎస్ లాంటి ఆలిండియా సర్వీసులు కూడా ఇక్కడ లేవు, ప్రావిన్స్ ఉద్యోగులు ప్రావిన్స్ వాళ్ళే.

యూటీ పోలిక కొంచెం నయం. కాకినాడ పక్కన యానాం తెలుసు కదా, పుదుచ్చేరి అసెంబ్లీకి ఒక ఎమ్మెల్యేని పంపుతుంది కానీ ఆ అసెంబ్లీకి ఉన్న అధికారం పార్లమెంట్ చట్టం ఇచ్చింది. టెరిటరీ కథ కూడా చట్టం వరకు అలాగే ఉంటుంది. కానీ పాలన తీరు మాత్రం వేరు, కింద వివరంగా రాశా.

ఉమ్మడి ఏపీని విడదీసినట్టు ఇక్కడ ఒక ప్రావిన్స్‌ని పార్లమెంట్ విడదీయగలదా?

లేదు. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెలిస్తే రెండు దేశాల ఫెడరలిజం తేడా మొత్తం తెలిసినట్టే. 2014 జనవరిలో మన అసెంబ్లీ విభజన బిల్లుని తిప్పి పంపింది, అయినా ఫిబ్రవరిలో పార్లమెంట్ పాస్ చేసింది, జూన్ 2కి తెలంగాణ వచ్చేసింది, ఎందుకంటే ఆర్టికల్ 3 ప్రకారం రాష్ట్రం అభిప్రాయం అడగాలి గానీ ఒప్పుకోవాలని లేదు. అది మంచా చెడా అనే గొడవలోకి నేను పోను, రెండు వైపులా నాకు చుట్టాలున్నారు. కెనడాలో మాత్రం ప్రావిన్స్ సరిహద్దు మార్చాలంటే ఆ ప్రావిన్స్ అసెంబ్లీ సరే అనాల్సిందే.

టెరిటరీని అయితే విడదీయొచ్చు, విడదీశారు కూడా. నునావుత్ ఒకప్పుడు నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో భాగం. అక్కడి మూలవాసులైన ఇన్యూట్ ప్రజలు మా ప్రాంతం మాకు కావాలని ఏళ్ళ తరబడి అడిగారు, 1982లో టెరిటరీ అంతా ఓటింగ్ పెడితే ఎక్కువమంది విడిపోదాం అన్నారు, 1993లో ఒప్పందం, పార్లమెంట్ చట్టం రెండూ అయ్యాయి, 1999 ఏప్రిల్ 1న కొత్త టెరిటరీ పుట్టింది.

అయితే టెరిటరీల్లో గవర్నమెంట్ ఎలా నడుస్తుంది?

దీని గురించి ఎక్కువ రాస్తాను ఎందుకంటే టొరంటోలో కూర్చున్నవాళ్ళెవరూ వీటిని పట్టించుకోరు. యూకాన్, నార్త్‌వెస్ట్ టెరిటరీస్, నునావుత్ మూడూ కలిపితే కెనడా విస్తీర్ణంలో దాదాపు 40 శాతం. ఒక్క నునావుత్తే మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినదానికి ఏడు రెట్లకు పైనే ఉంటుంది, జనాభా మాత్రం 2021 లెక్కల్లో 36,858. అక్కడ 25 ఊళ్ళు ఉంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు, విమానమే.

చాలా కాలం వీటిని ఒట్టావా నుంచే నడిపారు. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కి రాజధానిగా ఎల్లోనైఫ్ వచ్చిందే 1967లో, అంతకుముందు ఆఫీసర్లు ఒట్టావాలోనే ఉండేవాళ్ళు. ప్రావిన్స్‌లో లెఫ్టినెంట్ గవర్నర్ ఉన్నట్టు టెరిటరీలో కమిషనర్ అని ఉంటారు, ఆ మనిషిని ఫెడరల్ గవర్నమెంట్ పెడుతుంది. ఒకప్పుడు నిజంగా ఆ కమిషనరే పరిపాలన చేసేవారు. యూకాన్‌లో అది మారింది 1979లో, అప్పటి ఫెడరల్ మంత్రి జేక్ ఎప్ ఒక లెటర్ రాసి ఇకమీదట ఎన్నికైనవాళ్ళ మాట ప్రకారమే నడుచుకోండి అని కమిషనర్‌కి చెప్పారు. ఒక ప్రాంతానికి బాధ్యతాయుత ప్రభుత్వం లెటర్ మీద రావడం నాకైతే భలే వింతగా అనిపిస్తుంది. ఇప్పుడు కమిషనర్ పదవి లాంఛనమే.

తర్వాత భూమి, ఖనిజాల మీద పెత్తనం. ప్రావిన్సులకి అది మొదటి నుంచీ ఉంది లేదా తర్వాత రాసిచ్చారు, టెరిటరీలకి ఒక్కొక్కదానికి ఒప్పందం చేసుకుని అప్పగిస్తున్నారు. యూకాన్‌కి 2003లో, నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కి 2014లో వచ్చింది. నునావుత్ ఒప్పందం మీద 2024 జనవరిలో సంతకాలు అయ్యాయి, 2027 ఏప్రిల్ 1 కల్లా పూర్తి చేయాలని పెట్టుకున్నారు.

ఇంకో విశేషం, నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో, నునావుత్‌లో అసెంబ్లీలో పార్టీలే లేవు. అందరూ ఇండిపెండెంట్లుగా గెలుస్తారు, గెలిచాక కూర్చుని సీక్రెట్ బ్యాలెట్‌తో తమలోంచే ప్రీమియర్‌ని, మంత్రుల్ని ఎన్నుకుంటారు. మంత్రులు కానివాళ్ళు సంఖ్యలో ఎక్కువ ఉంటారు కాబట్టి కేబినెట్ వాళ్ళని ఒప్పించుకుంటూ పోవాలి. దీన్ని కాన్సెన్సస్ గవర్నమెంట్ అంటారు. యూకాన్‌లో మాత్రం మామూలుగానే పార్టీలు ఉన్నాయి. భాషల సంగతి చూస్తే నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కి 11 అధికార భాషలు, మొత్తం కెనడా ఫెడరల్ గవర్నమెంట్‌కేమో రెండే.

టెరిటరీని ప్రావిన్స్ చేయొచ్చు కదా?

చేయొచ్చు కానీ రాజ్యాంగ సవరణ కావాలి. పార్లమెంట్‌తో పాటు కనీసం 7 ప్రావిన్సులు ఒప్పుకోవాలి, ఆ ఏడింటిలో అన్ని ప్రావిన్సుల జనాభాలో సగమైనా ఉండాలి. పైగా అంత తక్కువ జనంతో సొంత ఆదాయం మీద బండి నడపడం కష్టం, టెరిటరీల బడ్జెట్‌లో పెద్ద భాగం ఒట్టావా ఇచ్చే ప్రత్యేక గ్రాంటే. కాబట్టి దగ్గర్లో అయ్యే పనిలా నాకు కనపడట్లేదు.

ఒట్టావా కూడా ఢిల్లీలాగా విడిగా ఉంటుందా?

లేదు. ఒట్టావా ఒంటారియోలో ఒక సిటీ, అక్కడివాళ్ళకి హెల్త్ కార్డ్ ఒంటారియోదే. నది దాటి బ్రిడ్జి అవతలికి వెళ్తే గాటినో, అది క్యూబెక్, టాక్స్ దగ్గర్నుంచి స్కూల్ దాకా రూల్స్ అన్నీ మారిపోతాయి.

ప్రైమ్ మినిస్టర్, ప్రీమియర్, గవర్నర్ జనరల్, ఇంతమంది ఎవరు?

ప్రైమ్ మినిస్టర్ అంటే మన ప్రధాని లాగే, హౌస్ ఆఫ్ కామన్స్‌లో బలం ఉన్న పార్టీ లీడర్. ప్రీమియర్ అంటే ముఖ్యమంత్రి. బ్రిటన్ రాజే కెనడాకీ రాజు, ఆయన తరఫున ఒట్టావాలో గవర్నర్ జనరల్, ప్రావిన్సుల్లో లెఫ్టినెంట్ గవర్నర్లు, వీళ్ళు సంతకాలు పెట్టేవాళ్ళు. మన గవర్నర్ల చుట్టూ ఉండే రాజకీయం ఇక్కడ చాలా తక్కువ. హౌస్ ఆఫ్ కామన్స్‌లో 2025 ఎన్నికల నుంచి 343 సీట్లు, టెరిటరీకి ఒక్కో ఎంపీ. ప్రావిన్స్ సభ్యుల్ని ఎక్కువచోట్ల ఎమ్మెల్యే అంటారు, ఒంటారియోలో ఎంపీపీ అంటారు, మండల పరిషత్ ప్రెసిడెంట్ అనుకోవద్దు.

ఒక జాగ్రత్త, పార్టీ పేరు చూసి ఫెడరల్, ప్రావిన్స్ పార్టీలు ఒకటే అనుకోకండి. క్యూబెక్ లిబరల్ పార్టీకి ఫెడరల్ లిబరల్స్‌తో సంబంధం లేదు, ఒంటారియో ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్‌లు వేరు ఫెడరల్ కన్జర్వేటివ్‌లు వేరు. ఎన్డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ) మాత్రం చాలా వరకు పైనా కిందా ఒకే పార్టీ.

సెనేట్ మన రాజ్యసభ లాంటిదేనా?

పేరుకే. రాజ్యసభకి మన ఎమ్మెల్యేలు ఓటేసి పంపుతారు, ఇక్కడ 105 మంది సెనేటర్లని ప్రైమ్ మినిస్టర్ సలహా మీద గవర్నర్ జనరల్ అపాయింట్ చేస్తారు, 75 ఏళ్ళ దాకా ఉంటారు. అల్బెర్టాకి 6, నోవా స్కోషియాకి 10, అల్బెర్టా జనాభా నోవా స్కోషియా కంటే ఎన్నో రెట్లు ఎక్కువైనా సరే. పశ్చిమం వాళ్ళ కోపానికి ఇదొక కారణం. ప్రావిన్సుల్లో రెండో సభలు లేవు, ఆఖరున మిగిలిన క్యూబెక్ మండలి 1968లో రద్దయింది.

హెల్త్ కేర్ ఫ్రీ అన్నారు, మరి నాకు కార్డ్ ఎందుకు ఇవ్వలేదు?

ఎందుకంటే "కెనడా హెల్త్ కార్డ్" అనేది ఒకటి లేదు. 13 ప్లాన్లు ఉన్నాయి, ప్రావిన్స్‌కొకటి టెరిటరీకొకటి. 1962లో సస్కాచెవాన్ మొదలుపెట్టింది, మిగతావాళ్ళు తర్వాత వచ్చారు. 1984 నాటి కెనడా హెల్త్ యాక్ట్ ప్రకారం ఫెడరల్ కొన్ని షరతులు పెట్టి డబ్బు పంపుతుంది, ఎవరికి కార్డ్ ఇవ్వాలి, ఏవి కవర్ చేయాలి అనేది చాలా వరకు ప్రావిన్స్ ఇష్టం. అందుకే ఒంటారియోలో ఇంటర్నేషనల్ స్టూడెంట్‌కి ఓహిప్ (ఒంటారియో హెల్త్ ప్లాన్) రాదు, అల్బెర్టాలో 12 నెలలు లేదా ఎక్కువ స్టడీ పర్మిట్ ఉంటే వచ్చే అవకాశం ఉంది. ఒంటారియో 2020లో మూడు నెలల వెయిటింగ్ తీసేసింది, బీసీలో (బ్రిటిష్ కొలంబియాలో) వెయిటింగ్ ఉంది. ప్రావిన్స్ మారితే కొత్త కార్డ్ వచ్చేదాకా పాత ప్రావిన్స్ కవరేజ్ గరిష్ఠంగా మూడు నెలలు నడుస్తుంది, ఆ పాత కార్డ్ పారేయకండి.

అమ్మానాన్నలు ఎక్కువకాలం ఉండటానికి ఇచ్చే సూపర్ వీసా మీద వస్తే ఆ వీసా ఫెడరల్, ప్రావిన్స్ కార్డ్ మాత్రం రాదు, అందుకే కనీసం లక్ష డాలర్ల కవరేజ్‌తో ప్రైవేట్ ఇన్సూరెన్స్ ముందే అడుగుతారు.

ఇమ్మిగ్రేషన్ ఫెడరల్ కదా, మళ్ళీ పీఎన్‌పీ (ప్రావిన్షియల్ నామినీ ప్రోగ్రామ్) ఏంటి?

రాజ్యాంగంలో ఇది ఉమ్మడి సబ్జెక్ట్, ఫెడరల్ చట్టానికి అడ్డం రానంతవరకు ప్రావిన్స్‌కీ హక్కు ఉంది. పీఎన్‌పీలో ప్రావిన్స్ "ఈ మనిషి మాకు కావాలి" అని నామినేట్ చేస్తుంది, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లు లెక్కేసి మనుషుల్ని ఎంచుకునే ఫెడరల్ పద్ధతి) అయితే దానికి 600 పాయింట్లు, కానీ పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) ఇచ్చేది ఒట్టావానే. మెడికల్, సెక్యూరిటీ చెక్ అంతా వాళ్ళదే. ఏ ప్రావిన్స్ ఎంతమందిని నామినేట్ చేయాలో కోటా ఇచ్చేదీ ఒట్టావానే, 2025లో ఆ కోటాల్ని ఒక్కసారిగా సగానికి కోసేసరికి ప్రావిన్సులు లబోదిబోమన్నాయి. యూకాన్, నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కి కూడా నామినీ ప్రోగ్రామ్ ఉంది, నునావుత్‌కి లేదు. క్యూబెక్‌కి పీఎన్‌పీ కాదు, 1991 ఒప్పందం ప్రకారం ఎకనామిక్ ఇమ్మిగ్రెంట్లని తనే సెలెక్ట్ చేసుకుంటుంది.

స్టూడెంట్స్‌కి కూడా ఇదే తంతు. పర్మిట్ ఫెడరల్, కాలేజీకి గుర్తింపు ప్రావిన్స్. అందుకే 2024 జనవరిలో పర్మిట్ల మీద సీలింగ్ పెట్టినప్పుడు ప్రావిన్స్ నుంచి అటెస్టేషన్ లెటర్ (ఈ స్టూడెంట్ మా కోటాలోకి వస్తారు అని ప్రావిన్స్ ఇచ్చేది) తెమ్మన్నారు. హైదరాబాద్, విజయవాడ కన్సల్టెన్సీల్లో ఈ లెటర్‌ని కాలేజీ ఇచ్చే ఆఫర్ లెటర్‌తో కలిపేసి చెప్తుంటారు, రెండూ వేరు. ఎవరికి అవసరం ఎవరికి మినహాయింపు అనేది తరచూ మారుతోంది, అప్లై చేసే ముందు ఇమ్మిగ్రేషన్ డిపార్ట్‌మెంట్ సైట్ చూసుకోండి.

నా బిల్లు మీద జీఎస్టీ, ఫ్రెండ్ బిల్లు మీద హెచ్ఎస్టీ, ఇదేం గోల?

జీఎస్టీ 5 శాతం ఫెడరల్‌ది, దేశమంతా ఒకటే. దాని మీద ప్రావిన్స్ తన టాక్స్ వేసుకోవచ్చు. రెండూ కలిపి ఒకటే చేస్తే హెచ్ఎస్టీ, ఒంటారియోలో 13. బీసీలో విడిగా 7, సస్కాచెవాన్‌లో 6, అల్బెర్టాలో, మూడు టెరిటరీల్లో ప్రావిన్స్ సేల్స్ టాక్సే లేదు. అదే ఫోన్ అల్బెర్టాలోని కాల్గరీలో కొంటే తక్కువ పడేది అందుకే.

ఇన్‌కమ్ టాక్స్ రెండూ ఒకే రిటర్న్‌లో ఫెడరల్ ఏజెన్సీ వసూలు చేసి ప్రావిన్స్ వాటా ప్రావిన్స్‌కి ఇస్తుంది. క్యూబెక్‌లో ఉంటే మాత్రం రెండు రిటర్న్‌లు వేయాలి, ఒకటి ఒట్టావాకి ఒకటి క్యూబెక్‌కి. డిసెంబర్ 31న ఎక్కడ నివాసం ఉన్నారో ఆ ప్రావిన్స్ రేటు మామూలుగా ఏడాది మొత్తానికి పడుతుంది, ఇళ్ళు మారేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఈక్వలైజేషన్ అంటే అల్బెర్టా వాళ్ళు క్యూబెక్‌కి డబ్బులు పంపడమా?

అల్బెర్టా గవర్నమెంట్ చెక్కు రాసి ఎవరికీ పంపదు. దేశమంతా కట్టిన ఫెడరల్ టాక్సుల్లోంచి, సొంత ఆదాయ సామర్థ్యం తక్కువున్న ప్రావిన్సులకి ఒట్టావా ఇస్తుంది, ఎక్కడున్నా దాదాపు ఒకే స్థాయి సర్వీసులు ఉండాలని. 1957లో మొదలైంది, 1982లో రాజ్యాంగంలోకి ఎక్కింది. అల్బెర్టా మనుషుల ఆదాయం ఎక్కువ కాబట్టి వాళ్ళు కట్టే ఫెడరల్ టాక్స్ ఎక్కువ, తిరిగి ఈ పద్దు కింద 1960ల నుంచీ ఏమీ రాలేదు, మంట అక్కడ. మన దగ్గర ఫైనాన్స్ కమిషన్ వాటాల మీద దక్షిణాది రాష్ట్రాలు చేసే వాదన విన్నవాళ్ళకి ఇది కొత్తగా ఏమీ ఉండదు. ధనిక ప్రావిన్స్ అనుకునే ఒంటారియో కూడా 2009-10లో మొదటిసారి ఈ డబ్బు తీసుకుంది.

పోలీసులు ఎవరి కింద?

క్రిమినల్ కోడ్ దేశమంతా ఒకటే, అమలు ప్రావిన్స్ పని. ఒంటారియోకి, క్యూబెక్‌కి సొంత ప్రావిన్స్ పోలీస్ ఉంది. చాలా ప్రావిన్సులు, మూడు టెరిటరీలు ఫెడరల్ పోలీస్ ఆర్‌సీఎంపీని కాంట్రాక్ట్ మీద పెట్టుకుంటాయి. పెద్ద సిటీలకి విడిగా ఉంటాయి. బ్రాంప్టన్‌లో పీల్ రీజినల్ పోలీస్, పక్కనే కాలెడన్‌కి వెళ్తే ఓపీపీ (ఒంటారియో ప్రావిన్స్ పోలీస్), ఎమర్జెన్సీలో ఇవన్నీ ఆలోచించక్కర్లేదు, 911 కొడితే వాళ్ళే చూసుకుంటారు.

రీజియన్ అంటే ఏంటి? సిటీ, రీజియన్ రెండిటికీ ఎందుకు కట్టాలి?

ఒంటారియోలో కొన్నిచోట్ల లోకల్ గవర్నమెంట్ రెండంతస్తులు. బ్రాంప్టన్, మిస్సిసాగా, కాలెడన్ మూడూ కింది అంతస్తు, పైన పీల్ రీజియన్. ఫైర్, సిటీ బస్సులు, పార్కులు, లైబ్రరీలు సిటీవి. అంబులెన్స్, పబ్లిక్ హెల్త్, సోషల్ హౌసింగ్ రీజియన్‌వి. ప్రాపర్టీ టాక్స్ బిల్లు సిటీ పంపుతుంది కానీ అందులో మూడు ముక్కలు, సిటీ, రీజియన్, స్కూళ్ళు. టొరంటో, ఒట్టావాలకి ఒకే అంతస్తు. బీసీలో రీజినల్ డిస్ట్రిక్టులు అని 27 ఉన్నాయి, మెట్రో వాంకూవర్ అందులో ఒకటి, దాని బోర్డులో కూర్చునేవాళ్ళు ఎక్కువగా సిటీ కౌన్సిళ్ళు పంపిన మేయర్లు, కౌన్సిలర్లే.

అయితే అసలు సంగతి, రీజియనైనా సిటీ అయినా ప్రావిన్స్ చట్టంతో పుట్టినవే, రాజ్యాంగంలో వాటికి సొంత చోటు లేదు. ఇండియాలో 73, 74 సవరణలు పంచాయతీలకి, మున్సిపాలిటీలకి కనీసం రాజ్యాంగంలో పేరన్నా ఇచ్చాయి, ఇక్కడ అదీ లేదు. 2018లో టొరంటో ఎన్నికల ప్రచారం నడుస్తుండగానే ఒంటారియో గవర్నమెంట్ వార్డుల్ని 47 నుంచి 25కి తగ్గించింది, సిటీ సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది, 2021లో 5-4తో ఓడిపోయింది. పీల్ రీజియన్‌నైతే రద్దు చేస్తాం అని 2023లో చట్టం చేసి, అదే ఏడాది డిసెంబర్‌లో వద్దులే ఉంచుతాం అన్నారు. ఏ సర్వీస్ ఎవరి చేతిలో ఉండాలనే బేరాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. నా మటుకు నాకు, లక్షల మంది ఉన్న ఊళ్ళ విషయంలో ఇంత సులువుగా కలపడం విడదీయడం సరిగ్గా అనిపించదు, కానీ చట్టం అలాగే ఉంది.

ఫస్ట్ నేషన్స్ ఎక్కడ వస్తారు ఇందులో?

లిస్టు ప్రకారం ఫెడరల్, 91లో 24వ అంశం. 1876 నాటి ఇండియన్ యాక్ట్ (ఇక్కడ ఇండియన్ అంటే ఫస్ట్ నేషన్స్ వాళ్ళు, మనం కాదు) ఇంకా నడుస్తోంది, ఆ కింద ఒక్కో ఫస్ట్ నేషన్‌ని నడిపే బ్యాండ్ కౌన్సిళ్ళు ఉన్నాయి. కానీ వాళ్ళ హక్కులు ఒట్టావా దయతో వచ్చినవి కావు, ట్రీటీల ద్వారా, అంతకుముందు నుంచీ ఉన్నవి, 1982 రాజ్యాంగం వాటిని గుర్తించింది. కొన్ని నేషన్స్ సెల్ఫ్ గవర్నమెంట్ ఒప్పందాలు చేసుకున్నాయి, యూకాన్‌లో 14 ఫస్ట్ నేషన్స్ ఉంటే 11కి అవి ఉన్నాయి, బీసీలో నిస్గా నేషన్ ఒప్పందం 2000లో అమల్లోకి వచ్చింది. ఇవి నిజంగా ఇంకో స్థాయి ప్రభుత్వాలే, మూడు స్థాయిలే అని చెప్పే పటాల్లో ఇవి కనపడవు, అది పటం తప్పు.

క్యూబెక్ అన్నిట్లో వేరుగా ఉంటుందేంటి?

భాష, సివిల్ లా, చరిత్ర అన్నీ వేరు. 1982లో రాజ్యాంగాన్ని బ్రిటన్ నుంచి పూర్తిగా తెచ్చుకున్నప్పుడు క్యూబెక్ గవర్నమెంట్ ఒప్పుకోలేదు, అయినా అది అక్కడా వర్తిస్తుంది. 1995 రెఫరెండంలో విడిపోవద్దు అన్నవాళ్ళు 50.58 శాతం, అంత దగ్గర. మనవాళ్ళకి పనికొచ్చేది చెప్పాలంటే, 1977 నాటి భాషా చట్టం వల్ల అక్కడ పీఆర్‌గా సెటిలైతే పిల్లలు మామూలుగా ఫ్రెంచ్ స్కూల్‌కే వెళ్ళాలి. ఇంకోటి 1982 హక్కుల చార్టర్‌లోని 33వ క్లాజ్, ఫెడరల్ అయినా ప్రావిన్స్ అయినా కొన్ని ప్రాథమిక హక్కుల్ని పక్కనపెట్టి ఐదేళ్ళ పాటు చట్టం నడపొచ్చు, తర్వాత మళ్ళీ పొడిగించుకోవచ్చు. టీచర్ల లాంటి ప్రభుత్వోద్యోగులు డ్యూటీలో మత చిహ్నాలు వేసుకోకూడదన్న 2019 క్యూబెక్ చట్టం దాన్నే వాడింది.

ఇంజినీర్, నర్స్ లైసెన్స్ ఒకసారి తెచ్చుకుంటే దేశమంతా పనికొస్తుందా?

రెగ్యులేట్ చేసేది ప్రావిన్స్ సంస్థలు, కాబట్టి మారినప్పుడు మళ్ళీ రిజిస్టర్ అవ్వాలి, మొదటిసారి కంటే తేలిక. ఒంటారియో ఇంజినీర్ల సంస్థ 2023లో కెనడా ఎక్స్‌పీరియన్స్ ఉండాలన్న రూల్ తీసేసింది, మనవాళ్ళకి అది పెద్ద రిలీఫ్. డ్రైవింగ్ లైసెన్స్, కార్ ఇన్సూరెన్స్ కూడా ప్రావిన్స్‌వే, బీసీలో బేసిక్ ఇన్సూరెన్స్ గవర్నమెంట్ కంపెనీ దగ్గరే తీసుకోవాలి, ఒంటారియోలో అంతా ప్రైవేట్.

ఐటీ వాళ్ళు తరచూ అడిగేది ఉద్యోగ చట్టం గురించి. బ్యాంకులు, ఎయిర్‌లైన్లు, టెలికాం కంపెనీల సొంత ఉద్యోగులకి ఫెడరల్ లేబర్ కోడ్, మిగతా దాదాపు అందరికీ ప్రావిన్స్ చట్టం. అంటే మీరు బ్యాంకు పేరోల్‌లో ఉంటే ఒక చట్టం, కన్సల్టెన్సీ తరఫున అదే బ్యాంకులో పక్క సీట్లో కూర్చుంటే మామూలుగా ఇంకో చట్టం. లేఆఫ్ నోటీస్ వచ్చినప్పుడు ముందు ఇది చూసుకోండి.

పీఆర్ ఉంటే సిటీ ఎలక్షన్‌లో అన్నా ఓటు ఉంటుందా?

లేదు, మూడు స్థాయిల్లోనూ సిటిజన్‌షిప్ కావాలి. ఒంటారియోలో సిటిజన్ అయ్యుండి వేరే ఊళ్ళో ఇల్లు గానీ అద్దె గానీ ఉంటే ఆ ఊరి మున్సిపల్ ఎన్నికలో కూడా ఓటేయొచ్చు, ఇది చాలామందికి తెలియదు.

ఫైల్ ఎక్కడో ఆగిపోయింది, ఎవరికి చెప్పుకోవాలి?

పీఆర్, వీసా, పాస్‌పోర్ట్, టాక్స్ రీఫండ్, చైల్డ్ బెనిఫిట్ అయితే మీ ఎంపీ ఆఫీసు, నియోజకవర్గంలో ఉండే లోకల్ ఆఫీసుకి వెళ్ళండి, ఒట్టావాకి ఈమెయిల్ పెట్టి కూర్చోవద్దు. ఓటు లేకపోయినా అక్కడ నివాసం ఉంటే సాయం చేస్తారు. ఓహిప్, డ్రైవింగ్ లైసెన్స్, బర్త్ సర్టిఫికెట్ అయితే ఎంపీపీ లేదా ఎమ్మెల్యే ఆఫీసు. మంచు తీయలేదు, వీధి లైటు వెలగట్లేదు అంటే కౌన్సిలర్, లేదా 311 ఉన్న ఊళ్ళో ఆ నంబర్. స్కూల్ బౌండరీ గొడవలైతే స్కూల్ ట్రస్టీ అని విడిగా ఎన్నికైన మనిషి ఉంటారు, మనవాళ్ళు ఆ మనిషి పేరు కూడా తెలుసుకోరు. ఏ ఆఫీసుకి వెళ్ళినా ఫైల్ నంబర్, సంతకం చేసిన కన్సెంట్ ఫారం ఉంటేనే వాళ్ళు మీ ఫైల్ తెరిచి చూడగలరు, భార్యది భర్త, భర్తది భార్య అడిగినా కన్సెంట్ లేకుండా చెప్పరు.